గ్లాసు పట్టిన చెయ్యి

"పెద్దమ్మా, జర కొబ్బరినూనె ఉన్నదా?"

గేటు బయట నిలబడి ఆ పిల్ల అడిగింది ఇంతే. పేరు రజిత. మా ప్లాటు వెనకున్న పత్తి చేను కౌలుకు చేసేవాళ్ల కోడలు. పొద్దున్నుంచి మందు పంపు వీపున వేసుకుని సాళ్ల మధ్య తిరుగుతుంటే చూస్తూనే ఉన్నాను. నేను మడికొండలో ఈ ప్లాటుకు కాపలా ఉంటాను. చుట్టూ గోడ కట్టారు, బోరు వేశారు, ఇల్లు ఇంకా కట్టలేదు. గేటు పక్కన రేకుల గది నాది. ముందర చూస్తే కొత్త బిల్డింగులు, అద్దాల ఆఫీసులు, వెనక చూస్తే ఇంకా అమ్ముడుపోని చేన్లు. నూనె ఎందుకే అంటే వీపు మండుతున్నదని చెప్పింది. పంపు మూత దగ్గర వాచరు పోయిందట, పొద్దున్నుంచి కారుతూనే ఉన్నదట, తను చెమట అనుకున్నదట. ఆమెను అటు తిప్పి చూశాను. జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంది. జాకెట్టు అంచు దాటిన చోట తోలు ఎర్రబడి, ఉడికిన టమాట మీద పొర లేచినట్టు లేచింది. దానితోపాటు మందు వాసన వచ్చింది. ఎన్నేళ్లయినా ఆ వాసన నాకు గుర్తే.

రెక్క పట్టుకుని ఆమెను నల్లా దగ్గరికి లాగాను. పక్క సైటులో మేస్త్రీలకు వంట చేసే లచ్చమ్మ అప్పుడే బిందె పట్టుకుని వచ్చింది. వీపు చూసి బిందె కింద పెట్టేసి, "నీళ్లు పొయ్యకు సారమ్మా, బొబ్బలు లేస్తయ్" అన్నది.

మంచి మనసుతోనే అన్నది. ఆ మాట అనేవాళ్లందరూ మంచి మనసుతోనే అంటారు. ఒకప్పుడు నాకూ అట్లాగే చెప్పారు. నా కుడి చెయ్యి ఇట్లా ఉండడానికి ఆ మాటే కారణం.

నాకు రాయడం రాదు. మా చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెప్పే సునీతమ్మ నా చెయ్యి చూసి ఎప్పటినుంచో అడుగుతున్నది, నువ్వు చెప్పు, నేను రాస్తానని. రజిత సంగతి జరిగిన తర్వాత ఇంక చెప్పాలనిపించింది. నా గొంతు బొంగురు, కొన్ని మాటలు ఆమెకు రెండుసార్లు చెప్పాల్సి వస్తున్నది. ఓపిగ్గానే రాస్తున్నది.

మా తల్లిగారిది నెక్కొండ దగ్గర పల్లె. మిరపకాయలు ఎండే కల్లాల మధ్య పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఘాటు అంటే నాకు లెక్కలేదనుకునేదాన్ని. పెళ్లయి మట్టెవాడకు వచ్చిన రోజు రిక్షా సందులోకి తిరిగిందో లేదో నాకు తుమ్ములు మొదలయ్యాయి. మిరప ఘాటు ముక్కులోకి పోతుంది, వస్తుంది, అంతే. ఆ సందులో వాసన తియ్యగా మొదలై నాలుక వెనకాల కూర్చునేది. పెళ్లిచీరలో తుమ్ముకుంటూ రిక్షా దిగాను. మా ఆయన యోహాను సిగ్గుపడి, రెండు రోజులైతే అలవాటైపోతుందిలే అని తల్లికి చెప్పబోయాడు. మా అత్త రాహేలమ్మ వాకిట్లో నిలబడి నన్ను కిందికి మీదికి చూసి, "తుమ్మనియ్యిరా. పిల్ల ముక్కు ఇంక బతికే ఉన్నది" అన్నది. నేను అత్తగారింట్లో విన్న మొదటి మాట అదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా ఇల్లు అంటే ఒకటే గది. విత్తనాలు, పురుగు మందులు అమ్మే ఒక సావుకారి గోదాము వెనకాల ఉండేది. ఆయన దుకాణం మెయిన్ రోడ్డు మీద, గోదాము సందులో. మా ఆయన ఆ దుకాణంలో హమాలీ, బండి మీద సరుకు తోసేవాడు. మా అత్త గోదాములో పని చేసేది. పెద్ద డ్రమ్ముల్లో వచ్చిన మందును చిన్న సీసాల్లోకి పోసి, మూతలు బిగించి, కాగితం అతికించే పని. ఆ గదికి కిరాయి లేదు. దానికి బదులు ఇంట్లోనుంచి ఇద్దరు ఆడవాళ్లు గోదాములోకి రావాలి. మా ఆడబిడ్డ పెళ్లయి వెళ్లిపోయింది కాబట్టి రెండో ఆడది లేకుండా పోయింది, అందుకే తొందరపడి నన్ను తెచ్చుకున్నారు. ఈ సంగతి నాకు పెళ్లయిన తర్వాతే తెలిసింది. కోపం వచ్చింది. అయితే కోపం చూపించాలన్నా ఆ ఒక్క గదిలోనే చూపించాలి, దాని వెనక కిటికీ తెరిస్తే గోదాము, ముందు తలుపు తెరిస్తే గోదాము.

మా అత్త పొద్దుగాలనే లేచేది. ముందు పళ్లకు పొగాకు నశం రుద్దుకుని, జొన్న గట్క కాచి, పచ్చి పులుసు పిసికేది. చింతపండు పులుసులో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నలుపుతుంటే ఆ కాసేపు మాత్రం మా గదిలో మనుషుల ఇంటి వాసన ఉండేది. తర్వాత కంచాల ముందు ప్రార్థన. మా అత్త ప్రార్థన పొడుగు. ఊళ్లో ఉన్న జబ్బు మనుషులందరి పేర్లూ చెప్పేది, బండి ఎద్దులను కూడా వదిలిపెట్టేది కాదు. గట్క మీద పొర కట్టేది. మా ఆయన కళ్లు మూసుకునే, "అవ్వా, దేవునికి ఇంక వేరే ఇండ్లు కూడ ఉన్నయే" అనేవాడు. ఆమె కళ్లు మూసుకునే ఆయన మోకాలి మీద ఒక్కటి వేసి ఆమేన్ అనేది.

ఆ తర్వాత గోదాము. గోదాము బట్టలు వేరే. తలుపు వెనక మేకుకు వేలాడేవి, ఎప్పుడూ ఇంటి బట్టలతో కలిపి ఉతికేది కాదు. అయినా ఆ వాసన అన్నింట్లోకి వచ్చేది. బియ్యంలో, తొక్కు జాడీలో, నా తలనూనెలో కూడా. చర్చిలో మేము కూర్చున్న చాప మీద ఎప్పుడూ కొంచెం ఖాళీ మిగిలేది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, చిన్నగా జరిగేవాళ్లు. నేను తల వంచుకునేదాన్ని. మా అత్త మాత్రం ఆ ఖాళీలో కాళ్లు బార్లా చాపుకుని కూర్చునేది.

మాకు ఆ మందుల పేర్లు తెలియవు. డ్రమ్ము మీద రాసింది ఎవరికీ చదవరాదు. రంగును బట్టి, వాసనను బట్టి మేమే పేర్లు పెట్టుకునేవాళ్లం. పాలలాగా తెల్లగా ఉండేది పాలమందు. వెల్లుల్లి కుళ్లిన వాసన వచ్చేది ఎల్లిగడ్డ మందు. ముదురు పచ్చగా ఉండి గడ్డిని చంపేది గడ్డిమందు, దాన్ని చూస్తే అందరికీ కొంచెం భయమే, గోళ్లు తెల్లబడి ఊడేవి. చేతులకు ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. పాత చీర చింపి అరచేతికి చుట్టుకునేవాళ్లం. నా చేతికి మా అత్తే చుట్టేది, కొత్త పిల్లవు, నీ తోలు ఇంకా మెత్తన అని రెండు చుట్లు ఎక్కువ వేసేది. మేము ఐదారుగురం ఆడవాళ్లం. మేము లోపలికి పోగానే దుకాణం మనిషి షట్టరు దించి బయట తాళం వేసేవాడు. వాసన వస్తుందని సందులోవాళ్లు గొడవ చేశారట, అందుకని అట్లా. మధ్యాహ్నం అన్నం వేళకు తీసేవాడు. వెనక కిటికీకి ఇనుప చువ్వలు. లోపల ఒక మూలన నీళ్ల హౌజు ఉండేది, సిమెంటుది, నడుమెత్తు. సీసాలు కడగడానికి ఎప్పుడూ నిండుగా ఉంచేవాళ్లు. ఎండాకాలంలో ఆ హౌజు గోడకు వీపు ఆనించి కూర్చుంటే చల్లగా ఉండేది. నాకు ఆ గోదాములో ఇష్టమైన జాగా అదొక్కటే.

ఆ రోజు ఎండ బాగా ఉంది. ముందు రోజు వచ్చిన గడ్డిమందు డ్రమ్ము లారీలో వేడెక్కి పొట్ట ఉబ్బినట్టు ఉబ్బి ఉంది. పక్కన ఉన్న బిరడా నేనే తిప్పాను. సగం తిరిగిందో లేదో బిరడా చేతిలోనుంచి ఎగిరిపోయింది, మందు కట్ట తెగినట్టు చిమ్మింది. షట్టరు దించి ఉంది. అది అట్లాగే కారిపోతే ఆ గాలిలో అందరం చచ్చేవాళ్లం. ఇంతకుముందు చిన్న డబ్బా పగిలినప్పుడే ఒకామె సోయి తప్పింది. నేను అరచెయ్యి ఆ బొక్కకు అడ్డం పెట్టి నొక్కి పట్టాను. ఆలోచించి చేసింది కాదు. మా అత్త బిరడా కోసం నేల మీద పాకుతూ వెతికింది, అది సీసాల గంపల కిందికి దొర్లింది. అది దొరికేదాకా నేను చెయ్యి తియ్యలేదు. చేతికి చుట్టిన గుడ్డ మందు తాగి బరువెక్కింది. మొదట చల్లగానే ఉన్నది. అదే మోసం. అందరూ హమ్మయ్య అనుకుని నన్ను మెచ్చుకున్నారు కూడా. ఒకామె, "రాహేలమ్మ కోడలు గట్టిది" అన్నది. ఆ మాట వింటుండగానే అరచేతిలో మొదలైంది.

ఆ మంట ఎట్లా ఉంటుందో చెప్పలేను. నిప్పు పెడితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. దీన్ని లాక్కోవడానికి లేదు, ఎటు పోయినా నాతోనే వస్తుంది. గుడ్డ పీకేశాను. తోలు ముడతలు పడి తెల్లగా ఉంది. నేను హౌజు వైపు ఉరికాను. చెయ్యి ముంచబోతుంటే మా అత్త వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"నీళ్లు తాకియ్యకు బిడ్డా. బొబ్బలు లేస్తయ్, చెయ్యి పాడైతది."

నేను గింజుకున్నాను. మిగతావాళ్లు కూడా వచ్చి పట్టుకున్నారు. అందరూ నా మంచికే. పచ్చిగా కాలిన తోలుకు నీళ్లు తగలకూడదని వాళ్లందరికీ తెలుసు, నాకూ తెలుసు, మా అమ్మ కూడా అదే చెప్పి పెంచింది. నా తల ఆ మాట నమ్ముతున్నది, నా చెయ్యి మాత్రం నీళ్ల కోసం కొట్టుకుంటున్నది. హౌజు అంచు నా కడుపుకు తగులుతున్నది. నీళ్లలో నా ముఖం కనిపిస్తున్నది. ఎవరో తలకు పెట్టుకునే కొబ్బరినూనె సీసా తీశారు, ఎవరో కొంగున కట్టుకొచ్చిన పసుపు ఇచ్చారు. మా అత్త నూనెలో పసుపు కలిపి నా అరచేతి నిండా మెత్తి, మీద కొత్త గుడ్డ గట్టిగా కట్టింది. మందును లోపల పెట్టి మూత బిగించినట్టే. అది మాకు అప్పుడు తెలియదు.

షట్టరు తీసేవాళ్లు లేరు. మా అత్త చెప్పుతో షట్టరు బాదింది. చాలాసేపటికి మా ఆయన బండి చప్పుడు వినిపించింది. ఆయన కింద కూర్చుని షట్టరుకు, గచ్చుకు మధ్య ఉన్న సందులోనుంచి, "ఏమైంది అవ్వా" అన్నాడు. మా అత్త చెప్పింది. ఆయన చెప్పాడు, తాళంచెవి సావుకారి దగ్గర ఉన్నదట, సావుకారి వేరే ఊరికి పెళ్లికి పోయాడట, దుకాణం మనిషి కూడా పొద్దున తాళం వేసి ఆయన వెంట పోయాడట. "ఎవలన్న పోయి తెస్తరు, నేను మాట్లాడి వస్త" అన్నాడు. పోకముందు ఆయన వేళ్లు ఆ సందులోనుంచి లోపలికి పెట్టాడు. నేను నేల మీద పడుకుని ఎడమ చేత్తో ఆ వేళ్లు పట్టుకున్నాను.

"నూనె పెట్టిన్రా?"

"పెట్టిన్రు."

"నీళ్లు తగలనియ్యకు మరి."

"మండుతాంది" అన్నాను. వేళ్లు కాసేపు ఉంచి తీసుకున్నాడు. ఆయన అడుగులు సందు చివరిదాకా వినిపించాయి. తాళం పగలగొట్టు అని నేను అనలేదు, పగలగొడతాను అని ఆయనా అనలేదు. ఆ గది సావుకారిది, ఆ బండి సావుకారిది, ఆ తాళం కూడా ఆయనదే. తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. షట్టరు పగలగొట్టడానికి మా ఆయనకు ఒక గునపం చాలు. అయినా ఆ పని చెయ్యొచ్చని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

మధ్యాహ్నం దాటి ఎండ తిరిగింది. నేను హౌజు పక్కనే, ఆ చల్లని గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. మా అత్త నా తల ఒళ్లో పెట్టుకుని, జబ్బు మనుషుల పేర్ల మొదట్లో నా పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నది. చివరికి షట్టరు లేచినప్పుడు వెలుతురు చూసి నాకు సంతోషం కాలేదు. అప్పటికే చేతిలో మంట తగ్గి మొద్దుబారడం మొదలైంది. అందరూ అది మంచి గుర్తు అనుకున్నారు.

పెద్ద దవాఖానలో కట్టు విప్పి చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. నూనె తుడిచేసి, ఎప్పుడు పడింది, ఏ మందు అని అడిగింది. గడ్డిమందు అన్నాం. "పడగానే నీళ్లు పొయ్యలేదా? అక్కడ నీళ్లు లేవా?" అన్నది. కోప్పడలేదు, మామూలుగానే అడిగింది. నేను మా అత్త వైపు చూడలేదు. చూడకూడదని మెడ బిగపట్టుకున్నాను. అయినా ఆమె గాజులు చప్పుడు చేయడం ఆగిపోయిన సంగతి నాకు తెలిసింది. మా అత్త ఎప్పుడూ ఏదో ఒకటి కదిలిస్తూనే ఉండేది, చెయ్యో కాలో. ఆ నిమిషంలో మొత్తం మనిషే ఆగిపోయింది. తర్వాత చిన్నగా, "ఉన్నయమ్మా. నిండుగ ఉన్నయి" అన్నది.

కొన్నాళ్లు అక్కడే ఉన్నాం. ఇంటికి పంపేటప్పుడు కట్టు కట్టే సిస్టరమ్మ చెప్పింది, అరచేతి తోలు మానేటప్పుడు గుంజుకుపోతుంది, వేళ్లు పిడికిలిగా ముడుచుకుపోతాయి, కాబట్టి చేతిలో బట్ట ఉండచుట్టి పెట్టి కట్టాలి, ఏ తీరుగా పెడితే ఆ తీరుగానే మానుతుందని. మళ్లీ మళ్లీ రావాలని కూడా చెప్పింది.

ఆ సాయంత్రం సావుకారి వచ్చాడు. చెడ్డగా మాట్లాడలేదు. దానిమ్మపండ్లు తెచ్చాడు. పిల్ల మానేదాకా రాహేలమ్మ ఒక్కతే వస్తే చాలన్నాడు. మానిన తర్వాత మాత్రం రమ్మన్నాడు, బరువు పని వద్దు, గరాటు పట్టుకుంటే చాలన్నాడు. ఆయన పోయిన తర్వాత మా ఆయన తలుపు గడియ పెట్టి, ఎటూ చూడకుండా, చేతిలో బట్టకు బదులు గరాటు కాడ అంత లావు కర్ర ఒకటి పెడితే ఎట్లా ఉంటుందన్నాడు. పని దొరకాలి కదా, గది ఉండాలి కదా అని. ఆయన తప్పు ఆలోచన చేయలేదు. మా దగ్గర వేరే ఆలోచన లేదు.

మా అత్త లేచి అరలోనుంచి తన స్టీలు గ్లాసు తీసింది. పెళ్లికి ఎవరో కానుక పెట్టింది, ఆమె తప్ప దాంట్లో ఎవరూ తాగేవాళ్లం కాదు. దానికి మెత్తటి బట్ట చుట్టి, నా కుడి చేతిలో పెట్టి, ఒక్కొక్క వేలు దాని చుట్టూ వంచింది. నేను అరిచాను. ఆపలేదు. మీదనుంచి కట్టు కట్టింది.

"గరాట కాదురా" అన్నది కొడుకుతో. "ముందుగాల దాని నీళ్ల దూప అది తీర్చుకోవాలె."

అప్పటినుంచి ఆ గదిలో నా దినాలు ఎట్లా గడిచాయంటే, నేను మనిషిని కాదు, ఒక గ్లాసుకు కట్టిన మనిషిని. మా అత్త గోదాముకు పోకముందు నాకు తినిపించేది. మధ్యాహ్నం షట్టరు తీయగానే ఉరికొచ్చి తినిపించేది. తల దువ్వేది, స్నానం చేయించేది, చీర కట్టేది, చెప్పుకోకూడని పనులన్నీ చేసేది. కొత్త కోడలిని, సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆమె చేతి వేళ్లకు ఎంత కడిగినా మందు వాసన పోయేది కాదు, ఆ వేళ్లతో కలిపిన అన్నం ముద్ద నా నోట్లోకి వచ్చేది. కొన్నిసార్లు ఆ వేళ్లు కొరకాలనిపించేది. ఆ చేతులే కదా నన్ను నీళ్లకు దూరంగా పట్టుకున్నది. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చేది, అన్నంతోపాటు మింగేదాన్ని. ఆమె గోదాములో ఉన్నప్పుడు వెనక కిటికీ చువ్వల్లోనుంచి ఆమె దగ్గు వినిపించేది. ఆమె ఒక్కతే ఇద్దరి పని చేస్తున్నది. నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా తావు లేకుండా చేసింది.

ఒక్కసారి మాత్రం ఆమే ఎత్తింది. కట్టు మారుస్తూ, తల ఎత్తకుండా అన్నది.

"నీళ్ల పక్కన్నే కూసోబెట్టి నిన్ను కాల్చిన బిడ్డా."

"నువ్వు పట్టకుంటె వేరేటోళ్లు పట్టుదురు అత్తమ్మా" అన్నాను.

"వేరేటోళ్లు పట్టుకుంటె నేను ఇడిపిస్తుంటి."

కట్టు ముడి బిగించి, తలుపు వెనక మేకుకున్న గోదాము బట్టలు తీసుకున్నది.

ఆ తర్వాత ఆమె మారిపోయింది. సందులో ఏ పిల్లకు చెయ్యి కాలినా, ఏ ఆడదానికి గంజి పడినా నీళ్ల చెంబు పట్టుకుని ఉరికేది. జనం తిట్టేవాళ్లు, ముసలామెకు మతి పోయిందనేవాళ్లు. ఒకామె అయితే చెంబు లాక్కుని దూరంగా విసిరేసింది. మా అత్త ఆ చెంబు తీసుకుని, సొట్ట చూసుకుంటూ ఇంటికి వచ్చింది. గోదాములో ఆడవాళ్లకు కూడా చెప్పేది. కొందరు విన్నారు, కొందరు నవ్వారు.

చెయ్యి మానింది. కట్టు విప్పి గ్లాసు తీశాం. చెయ్యి మాత్రం గ్లాసు పట్టుకున్నట్టే ఉండిపోయింది. వేళ్లు ఇంతకంటే చాపుకోవు, ఇంతకంటే ముడుచుకోవు. మా అత్త అదే గ్లాసులో నీళ్లు పోసి ఆ చేతిలో పెట్టింది. పడిపోలేదు. నా అంతట నేను తాగాను. ఆమె ముఖం తిప్పుకుని పొయ్యి దగ్గరికి పోయింది. పొయ్యిలో నిప్పు లేదు, అయినా అక్కడే కూర్చున్నది.

తర్వాత ఏమైందో చెప్పడానికి కూడా నాకు నోరు రావడం లేదు, అయినా చెబుతాను. సావుకారి కబురు పెట్టాడు. నేను మళ్లీ గోదాములోకి పోయాను. మొదటిరోజే ఒకామె నా చేతిలో గరాటు పెట్టింది. ఆ గరాటు కింది కాడ కాదు, పైన వెడల్పుగా ఉన్న మెడ, సరిగ్గా గ్లాసంత ఉంది. నా చెయ్యి దాని చుట్టూ చక్కగా కూర్చుంది. వేరేవాళ్ల చేతులు నొప్పి పుట్టి, మార్చి మార్చి పట్టుకుంటారు. నాది కదలదు. పొద్దంతా పట్టుకున్నా నొయ్యదు, వేళ్లలో జీవం ఉంటే కదా నొయ్యడానికి. సావుకారి వచ్చి చూసి, "సారమ్మ చెయ్యి మిషన్ లెక్క ఉన్నది" అని మెచ్చుకున్నాడు. మా అత్త హౌజు దగ్గర సీసాలు కడుగుతున్నది. ఆ మాట విని చేతిలోని సీసా హౌజులోకి వదిలేసింది. అది బుడబుడమని నిండి మునిగిపోయింది. షట్టరు దించి ఉంది. ఆ రోజు సాయంత్రం ఆమె ప్రార్థన చేయలేదు. గట్క వేడిగా తిన్నాం.

అట్లా చాలా ఏళ్లు. మా అత్త ఆ గదిలోనే పోయింది, చివరికి దగ్గు తప్ప ఏమీ మిగల్లేదు. మా ఆయన తర్వాత పోయాడు. గోదాము మూసేసిన రోజు నేను చేతిసంచీతో బయటికి వచ్చాను. ఆ స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను, ఇంకా ఉంది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, షట్టరు పొద్దుపోయేదాకా పైకి ఎత్తే ఉంటుంది. చర్చిలో నేను చేతులు జోడిస్తే అరచేతులు కలవవు, మధ్యలో పిచ్చుక పిల్లను దాచుకున్నట్టు ఉంటుంది. పసిపిల్లల తల నిమరాలన్నా ఎడమ చెయ్యే.

రజిత సంగతికి వస్తాను. లచ్చమ్మ వద్దంటున్నా వినలేదు. సైటులో మగవాళ్లు ఉన్నారని రజిత జాకెట్టు విప్పనన్నది. గది వెనక్కి తీసుకుపోయి, నా పాత చీర అడ్డం పట్టుకొమ్మని ఆ లచ్చమ్మకే ఇచ్చాను. ఆమె గొణుక్కుంటూనే పట్టుకుంది. జాకెట్టు తీసి, బోరు వేసి, బకెట్టు నింపి, మగ్గు నా కుడి చేతిలో పెట్టుకుని పోయడం మొదలుపెట్టాను. మగ్గు ఆ చేతిలో బాగా కూర్చుంటుంది.

"ఇంకెంతసేపు పెద్దమ్మా?"

"నీళ్లు అయిపోయేదాక."

"బోరు నీళ్లు అయిపోతయా?"

"అయిపోవు."

ఆ పిల్ల నవ్వబోయి, మంటకు మూలిగింది. చేతులకు, వీపుకు వేసుకునేవి ఏమీ ఇవ్వలేదా అని అడిగాను. మందు డబ్బాతో గ్లోజులు వచ్చాయట, మొగుడు చలికాలం బండి నడిపేటప్పుడు వేసుకుంటాడట. కాసేపటికి ఆమె మొగుడే బండి మీద వచ్చాడు. మందు డబ్బా కూడా పట్టుకుని దవాఖానకు పొమ్మన్నాను. వాళ్లు పోయేటప్పుడు ఇంక ఆ పంపు ముట్టుకోకు అన్నాను రజితతో. "ముట్టకుంటె చేను ఎవరు చూస్తరు పెద్దమ్మా, కౌలు కట్టాలె కద" అన్నది. అప్పట్లో మాకు గోడలు, తాళం, చువ్వల కిటికీ ఉండేవి. అవి లేకపోతే బయటపడేవాళ్లం అనుకునేదాన్ని. ఈ పిల్ల నిలబడ్డది ఆకాశం కింద, నాలుగు దిక్కులా దారి ఉన్న చేనులో. నేను ఆమెకు చెప్పగలిగింది నీళ్ల సంగతి ఒక్కటే.

వీపు పూర్తిగా మానకముందే రజిత మళ్లీ చేనుకు వచ్చింది. నిన్న పొద్దున చేను గట్టు మీద చూశాను. పంపుకు కొత్త మూత ఉంది. వీపుకు, పంపుకు మధ్య ఒక ప్లాస్టిక్ సంచీ మడిచి కట్టుకున్నది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ కుడి చెయ్యి ఎత్తాను. నా చెయ్యి ఊగదు, వేళ్లు విచ్చుకోవు. ఆమె అక్కడే ఆగి, పంపు దించి, గట్టు మీదున్న నీళ్ల సీసా తీసుకుని నా వైపు రావడం మొదలుపెట్టింది. దూరంనుంచి చూసేవాళ్లకు నేను దూపై నీళ్లు అడుగుతున్నట్టే కనిపిస్తాను.